ఆఖరి అంకె ఎవరిది

నేను ఎక్స్‌రే గదిలో పనిచేస్తాను. రోజుకి వందసార్లు ఒకే మాట అంటాను. "ఊపిరి పీల్చండి... బిగపట్టండి... ఇక వదలండి." ఇంట్లో కూడా నోరు జారి అదే మాట వస్తుందని మా చిన్నోడు వెక్కిరిస్తుంటాడు. ఆ గదికి కిటికీ ఉండదు. ఏసీ చప్పుడు, స్పిరిట్ వాసన, అంతే. నాకు ఆ గది హాయిగానే ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఎముకలతో పని గానీ మనుషులతో కాదు. మెట్ల మీంచి జారానని చెప్పినవాళ్ల ఎముక చూస్తే, జారలేదు, ఎవరో కొట్టారని తెలిసిపోతుంది. నేనేమీ అనను. అబద్ధం గురించి ఇంకొకరిని నిలదీసే ముఖం నాకు లేదు.

ఆ రోజు నాలుగింటికి ఒక మనిషిని చక్రాల కుర్చీలో తెచ్చారు. బల్లకి సరిపోనంత పొడుగు. చేతులకి గ్రీజు మరకలు. చీటీలో "పక్కటెముకలు" అని రాసి ఉంది. అలవాటుగా అడిగాను, ఎలా తగిలిందని.

"గోడ మీంచి పడ్డాను" అన్నాడు.

చేతిలో చీటీ కింద పడింది. అప్పుడు చూశాను వాడి ముఖం. జుట్టు సగం పోయింది, గడ్డం నెరిసింది, కానీ వాడే. చిన్నప్పుడు మేమంతా వాణ్ని పొడుగూ అని పిలిచేవాళ్లం. ఇప్పుడు పాత బస్తీలో సైకిల్ రిపేరు షాపు నడుపుతున్నాడని విన్నాను గానీ, ముప్ఫై ఏళ్లలో ఒక్కసారి కూడా అటు వెళ్లలేదు.

"డ్రైవరూ, నువ్వేనా?" అన్నాడు. ఆ పేరుతో నన్ను పిలిచేవాళ్లు ఈ లోకంలో నలుగురే.

ఆ పేరు ఎందుకొచ్చిందో చెప్పాలి. మా వీధిలో మొదటి బీఎమ్ఎక్స్ సైకిలు నాది. మేనమామ కొనిచ్చాడు. ఎర్ర రంగు, పసుపు చక్రాలు, అడ్డకమ్మీకి మెత్తటి తొడుగు. హ్యాండిలు గిర్రున తిరగాలని వచ్చిన వారానికే బ్రేకు తీగలు పీకి పారేశాం. బ్రేకంటే వెనక టైరు మీద చెప్పు కాలు ఆనించడమే. నెలకో జత చెప్పులు అరిగేవి. నెలకోసారి అమ్మ చేతిలో వీపు విమానం మోత మోగేది. అమ్మ బట్టల క్లిప్పు ఒకటి కొట్టేసి, దానితో చువ్వలకి ఒక అట్టముక్క బిగించాను. తొక్కితే టపటపటప అని మోటారు సైకిలంత చప్పుడు. ఆ చప్పుడు వింటే చాలు, వీధిలోని పిల్లలందరూ పుస్తకాలు గిరాటేసి పరుగెత్తుకొచ్చేవాళ్లు. అంత సంతోషం నాకు మళ్లీ ఎన్నడూ దొరకలేదు.

మూతపడ్డ సిమెంటు పైపుల యార్డు మా రాజ్యం. గేటు నుంచి కిందికి ఏటవాలు, అడుగున చదునైన గచ్చు. అక్కడ ఇటుకల మీద పాత తలుపు చెక్క వాలుగా పెట్టేవాళ్లం. చెక్క అవతల పిల్లలు పక్కపక్కన వెల్లకిలా పడుకోవాలి. నేను పైనుంచి దూసుకొచ్చి వాళ్ల మీదుగా దూకాలి. పైనుంచి చూస్తే చెక్క అడ్డం, ఎంతమంది పడుకున్నారో కనబడదు. అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నాం. పడుకున్నవాళ్లు వరసగా అంకె చెప్పాలి. ఒకటి, రెండు, మూడు. ఆఖరి అంకె విని నేను ఎక్కణ్నుంచి బయల్దేరాలో చూసుకుంటాను. మూడయితే నీళ్ల తొట్టి దగ్గర్నుంచి. నాలుగయితే గేటు దగ్గర్నుంచి. ఐదయితే రోడ్డు అవతలి అంచు నుంచి. ఆరు ఎవరూ ప్రయత్నించలేదు.

ఇంకో రూలు కూడా ఉండేది. దూకినవాళ్లు తర్వాతి వంతు పడుకోవాలి. అది అందరికీ, నాకు తప్ప. బండి నాది కదా. నేను ఒక్కసారి కూడా పడుకోలేదు.

మా తమ్ముడికి అప్పుడు ఆరేళ్లు. బఠాణీ అనేవాళ్లం, అంత చిన్నగా ఉండేవాడు. వాణ్ని ఆ దూకుళ్లకి తీసుకెళ్లొద్దని అమ్మ మరీమరీ చెప్పింది. ఆ రోజు వాణ్ని గేటు దగ్గరే కూర్చోబెట్టి, సైకిలు తిప్పుకుని వచ్చాను. వాడు అక్కడున్నాడో లేడో చూసుకోలేదు. కింద నుంచి అంకెలు వినిపించాయి. నాలుగు దగ్గర ఆగాయి. నలుగురికి సరిపోయే వేగంతో వెళ్లాను. గాల్లో ఉండగా చూశాను, నాలుగో వాడి పక్కన ఐదో వాడు...

బఠాణీ గోడ మీంచి పడ్డాడని చెబుదామన్నది నేనే. నలుగురూ ఒట్టేశారు. అమ్మ నమ్మింది. నమ్మిందనే అనుకున్నాను. అమ్మ కుట్టుపని చేసేది. ఏదైనా మర్చిపోకూడదనుకుంటే చూపుడు వేలికి దారం చుట్టుకునేది. తమ్ముడు పోయిన మర్నాడు చుట్టుకున్న దారం ఆమె చనిపోయేదాకా తియ్యలేదు. "ఏదో మర్చిపోయానే. ఏంటో గుర్తు రావట్లేదు" అనేది, నా ముఖంలోకి చూస్తూ. నేను తల తిప్పుకునేదాన్ని.

ఇప్పుడు అదే అబద్ధం బల్ల మీద పడుకుని నన్ను చూస్తోంది.

ఎక్స్‌రే తీశాను. తెరమీద మూడు పక్కటెముకలు వరసగా విరిగి ఉన్నాయి, ఒకే గీతలో, రెండు వేళ్ల వెడల్పున. గోడ మీంచి పడితే అలా విరగవు. అలా విరగడం నేను ఒకసారి చూశాను, ఎక్స్‌రే లేకుండానే.

"నిజం చెప్పు" అన్నాను, గొంతు తగ్గించి.

"నెల రోజులుగా లెక్క వినిపిస్తోంది డ్రైవరూ" అన్నాడు. "ఒకటి, రెండు, మూడు. తర్వాత ఆగుతోంది. నా అంకె కోసం ఆగుతోంది. నిన్న సాయంత్రం ఇక పడలేక యార్డుకెళ్లి పడుకున్నా. నాలుగు అన్నా. ఎవరో దూకారు."

"ఎవరు?"

 వాడి కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. "ఆ రోజు వాడు ఐదు అనబోయాడు" అన్నాడు. "నేనే వాడి నోరు మూశాను. గాల్లో ఉండగా వాణ్ని చూసి నువ్వు కేక పెడతావని... నవ్వొచ్చి మూశాను. అంతే డ్రైవరూ. పిల్లచేష్ట."

ముప్ఫై ఏళ్లు. బఠాణీ ఎందుకు అంకె చెప్పలేదని ముప్ఫై ఏళ్లు నన్ను నేను తినేసుకున్నాను. పొడుగుని కొట్టాలనిపించింది. ఏడవాలనిపించింది. రెండూ చేతకాలేదు.

"నీ సైకిలు ఇన్నాళ్లూ నా దగ్గరే ఉంది" అన్నాడు. "మీ అమ్మ పారేస్తుంటే తీసుకున్నా. ఇంక నాకొద్దు. పొద్దున మీ ఇల్లు కనుక్కుని, మా ఆటో అతనితో పంపించేశా. మెట్ల కింద పెట్టించా."

"మా ఇంటికా? పిల్లాడున్న ఇంటికి పంపించావా?"

వాడు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

డ్యూటీ మధ్యలోనే బయటపడ్డాను. మా ఆయన పని మీద వేరే ఊళ్లో ఉన్నాడు. చిన్నోడికి తొమ్మిదేళ్లు. బడి నుంచి వచ్చాక కింది వాటా ఆంటీ గారింట్లో ఉంటాడు. వాడికి ఇప్పటిదాకా సైకిలు కొనివ్వలేదు. అడిగినప్పుడల్లా ఏదో వంక చెప్పాను. ట్రాఫిక్కులో ఆటో కదలకపోతే దిగి పరుగెత్తాను. ఇంటికి చేరేసరికి ఆరు దాటింది. వీధి లైట్లు ఇంకా వెలగలేదు, పొగమంచు మాత్రం దిగిపోయింది.

మెట్ల కింద సైకిలు లేదు. గచ్చు మీద సన్నటి టైరు గీత మాత్రం ఉంది.

కింది వాటా ఆంటీ గుమ్మంలో కూర్చుని బట్టలు మడతపెడుతోంది. "వాడా? వాళ్ల మావయ్యతో వెళ్లాడమ్మా" అంది. "మీకు తమ్ముడున్నాడని ఎప్పుడూ చెప్పలేదేంటి? మూరెడు లేడు, వాణ్ని పట్టుకుని మావయ్య అంటాడేంటని నవ్వుకున్నాను. ఆ పిల్లాడికి ఒంట్లో బాలేదా? గుండెల మీద చెయ్యి పెట్టుకునే నడుస్తున్నాడు."

ఎవరికి ఫోన్ చెయ్యాలి? చేసి ఏం చెప్పాలి? చెప్పు తెగింది. వదిలేసి, నాలుగు వీధుల అవతలున్న యార్డు వైపు పరుగెత్తాను.

యార్డు అలాగే ఉంది. గేటు తుప్పు పట్టి ఒరిగింది. తడిసిన సిమెంటు వాసన, దాని వెనకే రబ్బరు కాలిన వాసన. చెప్పుతో బ్రేకేసినప్పుడు వచ్చేది, ఆ వాసన. గేటుకి ఆనించి ఎర్ర సైకిలు నిలబెట్టి ఉంది. అట్టముక్క, దానికి అమ్మ క్లిప్పు. ముప్ఫై ఏళ్ల అట్టముక్క నలగలేదు.

కింద మంచులో చెక్క వాలుగా కనిపించింది. దాని అవతల నల్లగా, పక్కపక్కన... మనుషులు పడుకున్నట్టు.

"చిన్నోడా!"

"అమ్మా" అంది వాడి గొంతు, చాలా చిన్నగా.

పరుగెత్తాను. చెక్క దాటాను. అవతల ఎవరూ లేరు. ఒట్టి గచ్చు. వెనక్కి తిరిగాను. నేను గేటు దగ్గరే ఉన్నాను. చెయ్యి సైకిలు సీటు మీద ఉంది. సీటు వెచ్చగా ఉంది.

మళ్లీ పరుగెత్తాను. మళ్లీ గేటు దగ్గరే. మూడోసారి కళ్లు మూసుకుని, గోడ పట్టుకుని, అడుగు అడుగు లెక్కపెట్టుకుంటూ దిగాను. కళ్లు తెరిచేసరికి గేటు ఊచ నా పిడికిట్లో ఉంది.

"నడిచి రాకమ్మా..." కింద నుంచి వాడి గుసగుస. "నువ్వు నడిచొస్తే లెక్క మళ్లీ మొదలవుతోంది. మొదలైనప్పుడల్లా నాకు ఇంకా చల్లగా అవుతోంది. దూకాలంట. దూకితేనే లేవనిస్తారంట."

 నలభై ఒక్కేళ్ల మనిషిని, మెట్లెక్కితేనే ఆయాసం. నా ఖర్మ కాకపోతే ఇదేంటి. మంచు వైపు తిరిగి గొంతు చించుకున్నాను. ఎవరు విన్నా సరే అనుకున్నాను.

"గోడ మీంచి పడలేదు! నేనే చంపాను! అబద్ధం చెప్పింది నేనే! వాణ్ని వదిలెయ్యండి!"

ఏమీ మారలేదు. కిందెక్కడో ఒక్క నిట్టూర్పు వినిపించింది. తర్వాత లెక్క మొదలైంది.

"ఒకటి."

"రెండు."

"మూడు." పిల్లల గొంతులు. ముప్ఫై ఏళ్ల కిందటి గొంతులు.

"నాలుగు." ఇది మగమనిషి గొంతు. విరిగిన పక్కటెముకల్లోంచి గాలి ఈడ్చుకుంటూ వచ్చిన గొంతు. వాణ్ని రెండు గంటల కింద నేనే వార్డుకి పంపించాను.

ఆగింది. నేను ఊపిరి బిగపట్టాను.

"ఐదు."

బఠాణీ గొంతు. కాస్త బొంగురు, కాస్త గారాబం. ఈ ఒక్క మాట వినాలని ఎన్ని రాత్రులు ఏడ్చానో. ఒక్క క్షణం చిన్నోడి సంగతి కూడా మర్చిపోయాను. వాడు అంకె చెప్పాడు. మా తమ్ముడు అంకె చెప్పాడు. సైకిలు పట్టుకుని ఐదుగురికి సరిపోయేలా రోడ్డు అవతలి అంచుకి వెళ్లి ఎక్కి కూర్చున్నాను. పెడలు మీద కాలు కూడా వేశాను.

అప్పుడు వెలిగింది. ఐదు అన్నది బఠాణీ. మరి చిన్నోడి అంకేది?

"చిన్నోడా! నీ అంకె చెప్పు నాన్నా!"

 నోరు నొక్కేసినట్టు ఒక మూలుగు... ఊఁ... ఊఁ...

ఆరు. వాడు ఆరోవాడు. ఆఖరున పడుకున్నవాడు. ఎవరో నోరు మూసేసినవాడు.

ఆరు ఎక్కణ్నుంచో నాకు తెలీదు. ఎవరూ చెయ్యలేదు. సైకిలు నడిపించుకుంటూ ఎదుటి సందులోకి వెళ్లాను. ఇస్త్రీ దుకాణం మెట్టు దగ్గర ఆగాను. చాలదనిపించింది. ఇంకో పది అడుగులు వెనక్కి. ఇంకో పది. వెనక గోడ తగిలింది. ఇంతకంటే చోటు లేదు. మోకాళ్లు హ్యాండిలుకి కొట్టుకుంటున్నాయి, చిన్నపిల్లల బండి కదా. చువ్వలు తిరిగాయి. టప్... టప్... టపటపటప...

సందు. రోడ్డు. ఎవరో హారన్ కొట్టారు. గేటు. ఏటవాలు. మంచు ముఖానికి తడిగా కొట్టింది. బ్రేకు లేదు, ఆపే ఆలోచనా లేదు. చెక్క కింద ఇటుకలు గలగలమన్నాయి...

గాల్లో ఉన్నాను.

కిందికి చూడకూడదనుకున్నాను. చూశాను. మూడు చిన్న ముఖాలు. ఒక పెద్ద ముఖం. మా తమ్ముడు, నన్నే చూస్తూ, నవ్వుతూ. వాడి పక్కన నా కొడుకు, కళ్లు గట్టిగా మూసుకుని. దాటాను. వాణ్ని కూడా దాటాను. ముందు చక్రం గచ్చుని తాకింది.

వెనక చక్రం మెత్తటి దేని మీదో పడి, లేచి, మళ్లీ పడింది. పాత సిమెంటు గోనె ఏదో అనుకున్నాను. అప్పుడు అంతకంటే ఆలోచించే స్థితి లేదు. సైకిలొకచోట, నేనొకచోట పడ్డాం. మోచేతులు చీరుకుపోయాయి. లేచి చూస్తే గచ్చు మీద చిన్నోడొక్కడే. మంచుముద్దలా చల్లబడిపోయి ఉన్నాడు. కానీ ఊపిరి ఉంది. వాణ్ని భుజాన వేసుకుని, వెనక్కి చూడకుండా, కాళ్లకి గాజుపెంకులు గుచ్చుకుంటున్నా ఆగకుండా ఇంటిదాకా నడిచాను. ఈసారి గేటు నన్ను పోనిచ్చింది.

ఇంట్లో దీపాలన్నీ వేశాను. వేణ్నీళ్లతో వాడి ఒళ్లు తుడిచి, మంచం మీద పడుకోబెట్టి, పక్కటెముకలు ఒక్కొక్కటే వేళ్లతో తడిమాను. నా పని అదే కదా. పన్నెండు జతలూ సరిగ్గా ఉన్నాయి. ఆ తర్వాత వాడి మీద పడి ఏడ్చాను, వాడికి నవ్వొచ్చేంతగా.

"మావయ్య మంచోడే అమ్మా" అన్నాడు వాడు, మత్తుగా. "నాకు ముందు చక్రం లేపి వీలీ కొట్టడం నేర్పిస్తానన్నాడు."

"మంచోడైతే నీ నోరెందుకు మూశాడు?"

"మావయ్య మూయలేదు. ఆవిడ మూసింది."

"ఏ ఆవిడ?"

"నా పక్కన పడుకున్నావిడ. నా తర్వాత. ఆఖరున." వాడు నన్ను వింతగా చూశాడు. "నువ్వు చూళ్లేదా? ఆవిడ కూడా అంకె చెప్పలేదు."

వెనక చక్రం కింద తగిలిన మెత్తదనం నా వెన్నులోకి మళ్లీ వచ్చింది. అది గోనె కాదు.

"చెయ్యి ఎంత చల్లగా ఉందో" అన్నాడు వాడు. "వేలికి దారం ఉంది. ఇక్కడ గీసుకుంది చూడు." పై పెదవి చూపించాడు. సన్నగా, ఎర్రగా, కుట్టులా ఒక గీత.

 ఆ గీతని వేలితో తడుముతూ అడిగాను. "ఏమైనా అందా?"

"నువ్వు గోడ సంగతి అరిచావు కదా, అప్పుడు ఏడ్చింది. తర్వాత నా చెవిలో అంది, గుర్తొచ్చింది, గుర్తొచ్చింది అని." వాడి రెప్పలు వాలిపోతున్నాయి. "నీకు చెప్పమంది. దూకినవాళ్లు తర్వాత పడుకోవాలంట కదా. నువ్వు ఒక్కసారి కూడా పడుకోలేదంట."

"నిద్రపో నాన్నా."

"రేపు నీ వంతంట."

"నా వంతా..." చెయ్యి పట్టుకున్నాను. "మరి తొక్కేదెవరు? చిన్నోడా, తొక్కేదెవరంట?"

వాడు గోడవైపు తిరిగి నిద్రపోయాడు. ఊపిరి నింపాదిగా ఆడుతోంది. లైటు తీయకుండా పక్కనే కూర్చున్నాను. కొంతసేపటికి దుప్పటి కదిలింది. కిందివైపు, కాళ్ల దగ్గర. ఒక మోకాలు లేచింది, దిగింది. రెండోది లేచింది, దిగింది. నెమ్మదిగా, తర్వాత కాస్త వేగంగా, ఒకదాని తర్వాత ఒకటి.

ఆ కాళ్లతో సరిగ్గా కలిసి, కింద మెట్ల దగ్గర్నుంచి అట్టముక్క చప్పుడు మొదలైంది. టప్... టప్... టప్...

సైకిలుని నేను యార్డులోనే వదిలేసి వచ్చాను.